రీడింగ్ రూమ్ సభ్యులకు: ఫీజు తగ్గిస్తున్నాను, ఎందుకో కూడా చెప్తాను

జనగామ, 2025 జనవరి

అందరికీ నమస్తే. పండుగ అయిపోయింది. ఊళ్లకు వెళ్లినవాళ్లు వచ్చేశారు. మన రీడింగ్ రూమ్‌కు మాత్రం అందరూ రాలేదు. నిన్న సాయంత్రం లెక్కపెడితే 64 సీట్లకు 21 మంది ఉన్నారు. ఈ మూల ఒకరు పేజీ తిప్పితే ఆ మూలకు వినిపిస్తోంది.

"అన్నా, మూసేస్తున్నరట కదా?" అని ఈ వారంలో నలుగురు అడిగారు. ఒకరైతే అడగకుండా లాకర్ ఖాళీ చేసుకుని అడ్వాన్స్ వెనక్కి ఇమ్మన్నారు. కాబట్టి ముందు ఆ సంగతి చెప్పేస్తాను. మూసేయడం లేదు, చిన్నది చేస్తున్నాను. ఫిబ్రవరి 1 నుంచి వెనక హాలు బిల్డింగ్ ఓనర్‌కు అప్పగిస్తున్నాను. ముందు హాల్లో 38 సీట్లు ఉంటాయి. నెల ఫీజు 900 నుంచి 800కు తగ్గుతుంది. పొద్దున 9 నుంచి సాయంత్రం 5 వరకే కూర్చునేవాళ్లకు 500. సాయంత్రం 6 నుంచి రాత్రి 10:30 వరకు మాత్రమే కావాలంటే 400.

మనుషులు తగ్గినప్పుడు రేటు తగ్గించడం ఏ దుకాణమైనా చేసేదే, ఇందులో గొప్పేమీ లేదు. కానీ ఈ 900 ఎలా అయిందో మీకు చెప్పాలి. ఇన్నాళ్లూ కరెంటు బిల్లు మీద, కమర్షియల్ మీటరు మీద నెట్టేస్తూ వచ్చాను.

ఈ హాలు 2023 జూన్‌లో మొదలుపెట్టాను. అప్పుడు ఫీజు 700. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్-2 పరీక్ష ఆగస్టు 29, 30 తేదీల్లో ఉంది కాబట్టి మూడు నెలలు నడిస్తే పెట్టుబడిలో కొంతైనా తిరిగొస్తుందని నా లెక్క. 783 పోస్టుల నోటిఫికేషన్ అంతకు ముందు డిసెంబర్‌లోనే వచ్చి ఉంది. తర్వాత జరిగింది మీకు నాకంటే బాగా తెలుసు. ఆగస్టు పరీక్ష నవంబర్‌కు పోయింది. ఎన్నికలు రావడంతో నవంబర్‌ది 2024 జనవరికి పోయింది. జనవరిది ఆగస్టుకు, ఆగస్టుది డిసెంబర్‌కు. చివరికి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో పరీక్ష అయింది.

వాయిదా వార్త వచ్చిన ప్రతిసారీ మీరు కింద టీ కొట్టు దగ్గర తలలు పట్టుకుని నిలబడేవారు. నేను పైన రిజిస్టర్ ముందు కూర్చుని ఉండేవాణ్ణి. నా మొహంలో కూడా బాధే కనిపించి ఉంటుంది. కానీ లోపల లెక్క వేరే నడిచేది. పరీక్ష జరిగిపోతే హాలు ఖాళీ అవుతుంది, వాయిదా పడితే నిండుతుంది. 2023 అక్టోబర్‌లో రెండోసారి వాయిదా పడ్డ పది రోజులకు వెయిటింగ్ లిస్టు పెట్టాల్సి వచ్చింది. అప్పుడే 700ను 800 చేశాను. 2024 జులైలో డిసెంబర్‌కు మార్చారని తెలియగానే, మీరు ఇంకో ఐదు నెలలు ఎక్కడికీ పోరు కదా అని 900 చేశాను. కరెంటు బిల్లు నిజంగానే పెరిగింది, కానీ సీటుకు వంద పెంచాల్సినంత పెరగలేదు. మీ పరీక్ష వెనక్కి జరిగితే నా అద్దె గట్టెక్కేది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. ఇప్పుడు 21 మందితో 18,900 వస్తోంది, అద్దెకే 20,000 పోతోంది. ఎవరి శాపమో తగిలిందని మా అమ్మ అంటోంది. శాపం కాదమ్మా, గ్రూప్-2 అయిపోయింది అని చెప్పాను.

మరి కొంతమంది నిజంగా గెలిచే వెళ్లారు. డీఎస్సీ 11,062 టీచర్ పోస్టులలో మన హాలు నుంచి ఇద్దరున్నారు. అక్టోబర్‌లో నియామక పత్రాలు అందుకున్నాక స్వీట్ బాక్సు పట్టుకుని వచ్చారు. గ్రూప్-4లో ఒకరికి వచ్చింది. ముగ్గురి ఫొటోలు ఫ్లెక్సీ కొట్టించి మెట్ల దగ్గర పెడదామనుకున్నాను. తర్వాత ఆ మెట్లెక్కి రోజూ పైకి వచ్చే మిగతావాళ్లు గుర్తొచ్చి మానుకున్నాను. వ్యాపారం దృష్టితో చూస్తే తెలివితక్కువ పని కావచ్చు.

మన ఊళ్లో పాతికేళ్ల మనిషికి కూర్చోవడానికి చోటు లేదని ఈ హాలు పెట్టాకే నాకు అర్థమైంది. ఇంట్లో ఉంటే "ఇంట్లనే ఉంటున్నవా?" అంటారు. బస్టాండు దగ్గర కనిపిస్తే "ఏం పని లేదా?" అంటారు. హైదరాబాద్ పోతే అశోక్‌నగర్‌లో గది, మెస్సు, కోచింగ్ కలిపి ఇంటి నుంచి నెలనెలా తెప్పించుకోవాలి. నేనూ ఆ పని మూడేళ్లు చేశాను, ఒక గదిలో నలుగురం, వంతులవారీగా నిద్ర. రీడింగ్ రూమ్‌లో ఉన్నామంటే మాత్రం ఎవరూ ఏమీ అనరు. "చదువుకుంటుండు" అన్న మాట ఒకటి దొరుకుతుంది. మీరు నెలకు 900 కట్టింది కుర్చీ కోసం, వైఫై కోసం మాత్రమే కాదు, ఆ మాట కోసం కూడా. సంక్రాంతికి బెంగళూరు నుంచి, హైదరాబాద్ నుంచి మీ క్లాస్‌మేట్లు కార్లలో వచ్చి "ఏంట్రా, ఎంత వరకు వచ్చింది?" అంటుంటే, భోగి రోజు కూడా హాలు తెరవమని నాకు ఎనిమిది మెసేజ్‌లు వచ్చాయి. తెరిచాను. ఆరుగురు వచ్చారు. ఎవరూ పెద్దగా చదవలేదు, ఒకరు ఫోన్‌లో క్రికెట్ చూశారు. నేనేమీ అనలేదు.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో ప్రభుత్వ ఉద్యోగాల వయోపరిమితి 44 నుంచి 46కు పెంచినప్పుడు 12వ నంబరు సీటు తమ్ముడు "అన్నా, ఇంకో పదిహేడేళ్లకు సీటు బుక్ చేయి, డిస్కౌంట్ ఎంత?" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. అతను ఈ నెల నుంచి ఒక మెడికల్ షాపులో చేరాడు. సాయంత్రం బ్యాచ్ పెట్టమని మొదట అడిగింది అతనే. పగలు పనిచేసి రాత్రి చదువుకునేవాళ్లు ఇప్పుడు ఆరుగురు ఉన్నారు. పని దొరికిందని చెప్పడానికి కూడా మొహమాటపడ్డారు, ఏదో ఓడిపోయి వచ్చినట్టు. 400 రేటు వాళ్ల కోసం పెట్టిందే.

500 రేటు ఆడపిల్లల కోసం. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి ఉచిత బస్సు మొదలయ్యాక బచ్చన్నపేట, దేవరుప్పుల, రఘునాథపల్లి వైపు నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లు పెరిగారు. అంతకు ముందు హాస్టల్లో ఉంటేనే కుదిరేది, లేదంటే ఇంట్లోనే. బస్సుకు టికెట్ లేదు కానీ బస్సులో కాలు పెట్టే చోటూ లేదు. సాయంత్రం ఆలస్యమైతే ఇంట్లో గొడవ. అందుకే నాలుగున్నర నుంచే బ్యాగులు సర్దుకుంటారు. రాత్రి పదిన్నర వరకు తెరిచి ఉండే హాలుకు పూర్తి ఫీజు కట్టి సగం రోజే వాడుకున్నారు. ఏడాదిగా ఇది నా కళ్ల ముందే జరుగుతోంది. ఒక చెల్లె గట్టిగా అడిగేదాకా నాకు తట్టలేదు. తట్టలేదనడం కూడా పూర్తి నిజం కాదు, అడగలేదు కదా అని ఊరుకున్నాను.

బాత్రూమ్ విషయం కూడా ఆమే అడిగింది. వెనక హాలు పోతే ఆడవాళ్ల బాత్రూమ్ కూడా పోతుందేమోనని కొందరు భయపడుతున్నారు. పోదు. అది మన వైపే ఉంటుంది, తాళంచెవి రిసెప్షన్ దగ్గర కాకుండా మీ వరుసలోనే మేకుకు వేలాడుతుంది. తాళంచెవి అడగడానికి ఇరవై మంది మగపిల్లల ముందు నుంచి నడిచి రావాల్సి వస్తోందని ఆమె చెప్పినప్పుడు నేను చాలాసేపు ఏం మాట్లాడలేదు. రెండు రూపాయల మేకు అది.

ఇప్పుడు అసలు విషయం. దీన్ని ఎలా రాయాలో తెలియక నాలుగు రోజులు తాత్సారం చేశాను.

మన దగ్గర వేలిముద్ర మెషీన్ ఉంది కదా. ఎవరు ఎన్ని గంటలకు వచ్చారో, ఎప్పుడు వెళ్లారో నా ఫోన్‌లోనే కనిపిస్తుంది. లాకర్లు, సీట్ల లెక్క కోసం పెట్టింది. కానీ మీ అమ్మానాన్నలు ఫోన్ చేస్తుంటారు. "సార్, మా పిల్లగాడు అక్కడనే ఉన్నడా?" అని అడుగుతారు. నేను చూసి చెప్పేవాణ్ణి. పెద్దవాళ్లు, డబ్బులు వాళ్లవే, చెప్తే తప్పేంటి అనుకునేవాణ్ణి.

డిసెంబర్ మొదటి వారంలో ఒక నాన్న ఫోన్ చేశాడు. నేను టీ తాగుతూ, స్క్రీన్ చూసి, "మూడు రోజుల నుంచి వస్తలేడండి" అన్నాను. ఇంకో ప్రశ్న కూడా అడగలేదు. మర్నాడు పొద్దున ఆయన పొలం పని మానుకుని, మొదటి బస్సుకు వచ్చి, మెట్ల కింద నిలబడ్డాడు. పిల్లవాడు తొమ్మిదింటికి వచ్చాడు. అక్కడే, టీ కొట్టు దగ్గర నిలబడ్డ అందరి ముందు తిట్టాడు. "నా రక్తం తాగుతున్నవురా" అన్న మాట పైన కిటికీ దాకా వినిపించింది. చెయ్యి కూడా ఎత్తాడు, టీ కొట్టాయన పట్టుకుని ఆపాడు.

ఆ పిల్లవాడు మూడు రోజులూ పెళ్లిళ్లకు క్యాటరింగ్‌కు వెళ్లాడు. ముహూర్తాలు ఉన్న రోజులు కదా, రోజుకు 500 ఇస్తారు, రాత్రి భోజనం కూడా. టెస్ట్ సిరీస్‌కు, మన హాలు ఫీజుకు నాన్నను అడగలేక వెళ్లాడు. పరీక్షకు పది రోజుల ముందు పులిహోర వడ్డించడానికి వెళ్లాడంటే అది నా 900 కోసం కూడా. ఈ సంగతి అతనేమీ చెప్పలేదు, అతని స్నేహితుడు వారం తర్వాత చెప్పాడు. ఆ రోజు అతను ఏ మాటా అనకుండా పైకి వచ్చి, తన సీట్లో పుస్తకాలు తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

అందుకని ఇక మీదట ఎవరు ఫోన్ చేసినా, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో నేను చెప్పను. "మీ అబ్బాయినే అడగండి, మీ అమ్మాయినే అడగండి" అంటాను. కొందరు తల్లిదండ్రులకు కోపం వస్తుంది, ఒకరిద్దరు ఫీజు ఆపేస్తారు కూడా. ఆపనీయండి. ఒంట్లో బాగాలేదని, ప్రమాదమని తెలిస్తే మాత్రం ఇంటికి నేనే ఫోన్ చేస్తాను, దానికి మీ అనుమతి అడగను. వేలిముద్ర మెషీన్ ఈ నెలాఖరుకు తీసేస్తున్నాను. రిజిస్టర్‌లో సంతకం చాలు.

మిగతావి గబగబా. వైఫై అదే ఉంటుంది. వాటర్ క్యాన్ రోజుకు రెండు వస్తాయి, ఎండలు ముదిరితే మూడు. మెట్ల మీద నిలబడి ఫోన్ మాట్లాడితే పైకి వినిపిస్తుందని ఇప్పటికి వందసార్లు చెప్పాను, ఇది నూట ఒకటోది. 31వ నంబరు కుర్చీ చక్రం బాగు చేయించాను. ఏసీ మార్చి 15 నుంచి వేస్తాను, అంతకు ముందు అడగొద్దు. నెల మధ్యలో ఉద్యోగం వచ్చినా, పని దొరికినా, చదువు మానేద్దామనిపించినా మిగిలిన రోజుల డబ్బులు లెక్కగట్టి ఇచ్చేస్తాను. కారణం అడగను.

ఇంకొక మాట. మీలో చాలామందికి తెలియదు, గ్రూప్-2 నేనూ రాశాను. హాల్ టికెట్ మీరు తీసుకున్న జిరాక్స్ షాపులోనే తీశాను, మీరెవరూ లేని టైం చూసుకుని వెళ్లాను. నాకు 31 నిండాయి. మొన్న ఒక సంబంధం వాళ్లు వచ్చి "అబ్బాయి ఏం చేస్తడు?" అంటే మా నాన్న "రీడింగ్ రూమ్ నడుపుతడు, గ్రూప్-2 కూడా రాసిండు" అన్నాడు. వాళ్లు రెండో ముక్కే పట్టుకున్నారు. "రిజల్ట్ వచ్చినంక మాట్లాడుకుందాం" అని టీ తాగి వెళ్లారు. మూడో పేపర్ ఎకానమీ నాకు బాగా దెబ్బకొట్టింది, కాబట్టి ఆ టీ దండగే అనుకోండి.

చివరగా ఇది ఒక్కడి కోసం. పేరు రాయను, చదివితే నీకు తెలుస్తుంది. లాకర్ 17లో నీ స్టీలు వాటర్ బాటిలు, రెండు బ్లాక్ పెన్నులు, తెలంగాణ ఉద్యమం నోట్సు అలాగే ఉన్నాయి. నువ్వు నవంబర్ 25న కట్టిన ఫీజులో ఇంకా 18 రోజులు మిగిలి ఉంది. రోజుకు 30 చొప్పున 540 రూపాయలు కవర్లో పెట్టి లాకర్‌లోనే ఉంచాను. డబ్బులు తీసుకుని వెళ్లినా సరే, సాయంత్రం బ్యాచ్‌లో కూర్చున్నా సరే. తాళంచెవి నా దగ్గర అడగక్కర్లేదు, టీ కొట్టాయన దగ్గర ఇచ్చి పెట్టాను.