లెక్కలు సరే, సంబంధాల మాటేమిటి?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీరు వేసిన కృత్రిమ మేధ ప్రత్యేక పేజీ చదివిన దగ్గర్నుంచి మనసు ఊరుకోవడం లేదు. ఎన్ని చిప్పులు, ఎంత కరెంటు, ఎన్ని కోట్ల డాలర్లు... పేజీ నిండా లెక్కలే. ఆ యంత్రానికి తెలివి ఎక్కణ్ణుంచి వస్తుందో ఒక్క ముక్కైనా రాయలేదు. కాలేజీ పిల్లలు కత్తిరించి దాచుకునే పేజీ అది!

నేను జంతుశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి. ముక్కలెన్ని ఉన్నాయన్నది కాదు, వాటి మధ్య సంబంధాలే అసలు సంగతని నాకు అక్కడే తెలిసింది. మనిషిలో ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు సుమారు 20 వేలు. ఒక మిల్లీమీటరు పొడవుండే సీ. ఎలిగాన్స్ అనే నులిపురుగులోనూ దాదాపు అన్నే. వరిలో ఇంకా ఎక్కువ. ఏ జన్యువు ఎప్పుడు దేన్ని మేల్కొలుపుతుంది, దేన్ని ఆపుతుంది అన్నదాంట్లోనే మనకూ పురుగుకూ అంత తేడా వచ్చింది. 1990 ప్రాంతంలో టామ్ రే అనే జీవశాస్త్రవేత్త కంప్యూటర్‌లో టియెర్రా అనే లోకం కట్టి, తన నకలు తానే తీసుకునే 80 ఆదేశాల ప్రోగ్రామును అందులో వదిలాడు. మార్పులు జరిగి జరిగి 45 ఆదేశాలవి పుట్టుకొచ్చాయి. సొంతంగా నకలు తీసుకోలేవు, పక్కదాని కోడ్ వాడుకుని బతికేవి. అచ్చమైన పరాన్నజీవులు! ఆ తర్వాత వాటికి లొంగని రకాలూ వచ్చాయి. వీటిని ఎవరూ కూర్చుని రాయలేదు, ఒకదానితో ఒకటి తలపడటంలోంచే పుట్టాయి. ఇవాళ్టి చాట్‌బాట్లకు మూలమైన 2017 నాటి ట్రాన్స్‌ఫార్మర్ పద్ధతిలోనూ వాక్యంలోని ఒక్కో మాట చుట్టూ ఉన్న మాటలతో తనకెంత సంబంధమో తూచుకుంటుంది. రాయాల్సింది ఇది కదండీ.

మన విశాఖలో అధికారులదీ ఇదే తీరు, లెక్కలే తప్ప సంబంధాలు పట్టవు. 2014లో హుద్‌హుద్ తుపాను చెట్లన్నీ పడగొట్టాక, తొందరగా ఎదుగుతాయని రోడ్ల పక్కన ఏడాకుల పాల మొక్కలు నాటించారు. ఎన్ని నాటారో గొప్పగా చెప్పుకున్నారు. ఇప్పుడు చలికాలం వస్తే చాలు, గుత్తులు గుత్తులుగా పూసి సాయంత్రానికి తలపోటు వచ్చేంత ఘాటు. ఆస్తమా ఉన్నవాళ్లు కిటికీలు మూసుకుని కూర్చోవాలి. చెట్టు నాటేముందు పక్కింట్లో ఊపిరి పీల్చేవాళ్ల గురించి ఆలోచించొద్దా?

మా వీధి కాలువ పొంగుతోందని యాప్‌లో ఫిర్యాదు పెడితే మర్నాడే ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. కాలువ మాత్రం పొంగుతూనే ఉంది. ఫోన్ చేస్తే అది మా సెక్షన్ కాదన్నారు. యాప్ చూసేవాళ్లకూ పార పట్టుకుని వచ్చేవాళ్లకూ మధ్య మాటే లేదు. కొత్త రోడ్డు వేసిన నెలకే పైపులవాళ్లు వచ్చి తవ్వడం మనకి అలవాటైపోయింది. ఇలాంటి ఆఫీసులకు ఎంత గొప్ప ఏఐ తగిలించినా ఏం లాభం?

2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ ఏఐ కంప్యూటర్ల కేంద్రం (డేటా సెంటర్) కోసం 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. రావాల్సిందే, మన పిల్లలకు ఉద్యోగాలు కావాలి. కానీ ఆ యంత్రాలు చల్లబడటానికి నీళ్లెక్కడివి? మేఘాద్రిగెడ్డ జలాశయం అడుగంటిన వేసవిలో కాలనీలకు ఎంత, వాటికి ఎంత? నీళ్లవాళ్లను, కరెంటువాళ్లను, అటవీశాఖవాళ్లను ఒక్కచోట కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు మీ విలేకరులే అడగాలి. వాళ్ల జవాబులు అదే సైజు పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం