పసిపాప బొంత: ఈ ఆదివారానికి

అక్కలూ, మొదటిసారి కుట్టేవాళ్లు చిన్న ముక్కల జోలికి పోకండి. 10 అంగుళాల చదరాలు 16 చాలు. ప్రతి అంచునా అర అంగుళం కుట్టుకి పోతే 36 అంగుళాల బొంత వస్తుంది. కాటన్ గుడ్డలు ముందే తడిపి ఆరేయండి. నేను బద్ధకించాను, ఎరుపు రంగు దిగి తెల్ల ముక్కలన్నీ గులాబీ అయ్యాయి!

నాలుగేసి ముక్కలు వరుసగా కుట్టాక, ఒక వరుస కుట్టుమడతలు కుడికి, తర్వాతి వరుసవి ఎడమకి ఇస్త్రీ చేయండి. అప్పుడే వరుసలన్నీ కలిపి పైగుడ్డగా కుట్టేటప్పుడు మూలలు కలుస్తాయి. లోపలికి దూది వద్దు, ఉతికితే ఉండ కడుతుంది. పాత కాటన్ చీర మడతలే మెత్తన. పైగుడ్డ, అడుగుగుడ్డ మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, పైన చీర పరిచి చుట్టూ కుట్టండి. జానెడు వదిలి తిరగేసి, అది చేత్తో మూసేయండి. చివరగా అతుకుల వెంబడి కుట్టేస్తే పొరలు జరగవు. పూసలు, గుండీలు మాత్రం వద్దు, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు.