ఓటు లేని కంపెనీకి చందా హక్కు ఎందుకు?

సంపాదకుడి గారికి,

మా మునుగోడు ఉప ఎన్నిక మాటెత్తితే చాలు, ఇక్కడి జనం ఓటుకు రేటు కట్టారంటారు. 2022 నవంబరులో మా వాడకట్టులో నేనూ చూశాను. ఓటరు లిస్టు ముందేసుకుని, ఇంటికి ఎన్ని ఓట్లో లెక్కేసి కవర్లు ఇచ్చిపోయారు. అందని వాళ్లు మాకేం తక్కువని గొడవకు దిగారు. తప్పే, కాదనను. కానీ తీసుకున్నవాణ్ణి తిట్టేవాళ్లే తప్ప, పార్టీల దగ్గరికి డబ్బు చేరే దారుల గురించి అడిగేవాళ్లు లేరు.

1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన మా గోస దేశానికి తెలియాలని మామూలు మనుషులు 500 రూపాయల డిపాజిట్ కట్టి నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది. ఆ ఏడాదే చట్టం మార్చి డిపాజిట్ 10 వేలు చేశారు. ఇప్పుడది 25 వేలు. పేదవాణ్ణి బరిలోకి రాకుండా ఆపడానికి కొన్ని నెలలు సరిపోయాయి!

కంపెనీల దగ్గరికొచ్చేసరికి చట్టం ఉల్టా నడిచింది. మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదని 2013 కంపెనీల చట్టంలో ఉండేది. 2017లో ఆ హద్దు తీసేశారు. దాంతో నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వగలిగేది, ఏ పార్టీకి ఇచ్చిందో చెప్పక్కర్లేకపోయింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్లతో (బ్యాంకులో కొని, పేరు బయటపడకుండా పార్టీలకు ఇచ్చే పత్రాలతో) పాటు ఆ సవరణనూ కొట్టేసింది. హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజినీరింగ్ 966 కోట్ల బాండ్లు కొన్నదని మనకు తెలిసింది ఆ తర్వాతే.

ఆస్తి కొనడానికో కోర్టుకెక్కడానికో కంపెనీని ఒక వ్యక్తిగా చట్టం గుర్తిస్తుంది. వ్యాపారానికి అది అవసరమే. కానీ దానికి ఓటు లేదు కదా, మరి ఎన్నికల్లో దాని డబ్బుకేం పని? ఇప్పటికీ బోర్డు మీటింగులో తీర్మానం చేస్తే చాలు, చందా వెళ్లిపోతుంది. షేర్లు కొన్న చిన్న ఉద్యోగిని ఒక్క మాట అడగరు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల పరిమితి ఉంది, పార్టీ ఖర్చుకు ఏ పరిమితీ లేదు.

1969లో మన దేశం కంపెనీ చందాలను పూర్తిగా నిషేధించింది. 1985లో మళ్లీ తలుపు తీశారు. ఇప్పుడు నిషేధం కుదరదంటే కనీసం వాటాదారుల ఆమోదం తప్పనిసరి చేయాలి. ఇచ్చిన చందా నెలలోపు జనానికి తెలియాలి. పార్టీ ఖర్చుకూ హద్దు ఉండాలి. నల్లగొండ, భువనగిరి ఎంపీలు వచ్చే పార్లమెంటు సమావేశాల్లోనే ఈ సంగతి లేవనెత్తాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, చండూరు, నల్లగొండ జిల్లా