దోస్త్, ఆ నీళ్ల మ్యాప్ బయటికి తియ్యి

దోస్త్,

ఎట్లున్నవ్ రా? పుణెలో వానలు మొదలయ్యాయని మొన్న గడియారం సెంటర్ దగ్గర మీ అక్క కనిపించి చెప్పింది. ఇక్కడ ఇంకా ఎండలు మండుతున్నాయి. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటావు, అందుకే కూర్చుని రాస్తున్నా. తీరిగ్గా చదువు, నువ్వు మూలన పడేసిన ఆ ఫ్లోరైడ్ మ్యాప్ గురించి నీతో పని కూడా ఉంది.

ఆఫీసు పని అయ్యాక సొంతంగా ఏదో ఒకటి తయారుచేసుకునే వాళ్లం మన నల్గొండలో కొందరం ఒక జట్టయ్యాం. ఆదివారం పొద్దున దేవరకొండ రోడ్డులో ఒక మోటార్ వైండింగ్ షాపు పైగదిలో కలుస్తున్నాం. షాపు మాలో ఒకడి మేనమామది. స్లైడ్లు, ఉపన్యాసాలు ఉండవు. ఎవరి ప్రాజెక్టు వాళ్లు లాప్‌టాప్‌లో నడిపి చూపించాలి, ఎక్కడ ఆగిపోయిందో ముందుగా చెప్పాలి. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. పూర్తయిన దాన్ని చూపిస్తే అందరూ ‘మస్తుంది’ అని టీ తాగి పోతారు. సగంలో ఉన్నదాన్ని చూపిస్తేనే ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెయ్యి వేస్తారు.

ముందు ఆ మేనల్లుడి సంగతే చెప్తా. వాళ్లకు దేవరకొండ దగ్గర బత్తాయి తోట ఉంది. ఎండాకాలం బోరులో నీళ్లు అడుగంటితే మోటారు ఉత్తగా తిరిగి వేడెక్కి కాలిపోతుంది. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే కదా. నీళ్లు లేకపోతే పంపు మీద బరువు తగ్గి, అది లాగే కరెంటు కూడా తగ్గుతుంది. ఆ తగ్గుదలను పట్టుకోవడానికి స్టార్టర్ డబ్బాలో ఒక ఫేజ్ తీగకు సెన్సర్ తగిలించి, ఈఎస్‌పీ32 అనే, ప్రోగ్రామ్ రాసి నడిపించుకునే చిన్న బోర్డుకు కలిపాడు. ఇన్ని ఆంపియర్ల కంటే తగ్గితే మోటారు ఆపెయ్యాలి, నాయిన ఫోన్‌కు మెసేజ్ పంపాలి అని ప్రోగ్రామ్ రాశాడు. బజార్లో ఇలాంటి డబ్బాలు దొరుకుతాయి, నాకూ తెలుసు. వీడికి కావాల్సింది తన తోటకు, తన బోరుకు తగ్గట్టు తనే మార్చుకోగలిగేది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, రాత్రి ఓల్టేజీ ఒకలా, పగలు ఒకలా ఉంటుంది. దాంతోపాటే ఆంపియర్లూ మారుతున్నాయి. నీళ్లున్నా మోటారు ఆగిపోతోంది. మేం లాప్‌టాప్ చుట్టూ చేరి లెక్కలు వేస్తున్నాం. అప్పుడు వాళ్ల మామ, షాపు మేస్త్రీ, టీ గ్లాసులు పట్టుకుని పైకి వచ్చి స్క్రీన్ మీద గీతను కాసేపు చూశాడు. ‘బోరు ఒక్కసారే ఎండదు అల్లుడూ. ముందు ఆగి ఆగి పోస్తది. నీళ్లతోపాటు గాలి వస్తది. అప్పుడు స్టార్టర్ మీద ముల్లు ఆడుతది, చూడలేదా?’ అన్నాడు. అంతే! అంకె ఎంత తగ్గిందో ఒక్కటే కాదు, ఎంతగా ఊగుతోందో కూడా చూడాలన్నమాట. ఆ పూటే ప్రోగ్రామ్ మార్చారు. ఓల్టేజీ మారితే గీత మొత్తంగా పైకో కిందికో జరుగుతుంది, గాలి వస్తే వణుకుతుంది. రెండూ వేరు వేరని ఇప్పుడు బోర్డు కనిపెడుతోంది. మేస్త్రీ ఒక్క లైను కోడ్ రాయలేదు, కానీ ఆ ప్రాజెక్టులో అసలైన లైను ఆయనదేనని నేను అందరికీ చెప్తున్నా.

మిర్యాలగూడ నుంచి ఒక చెల్లె వస్తుంది. వాళ్లమ్మ పొదుపు సంఘం లెక్కల కోసం యాప్ చేస్తోంది. నెట్ లేకపోయినా నడుస్తుంది, లెక్కలన్నీ ఫోన్‌లోనే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఫైలులో ఉంటాయి. మొదట వడ్డీ గడిలో ఏడాదికి ఎంత శాతమని అడిగేది. అమ్మ తనకు అలవాటైన లెక్కలో 1.5 అని కొట్టింది. మన దగ్గర రూపాయిన్నర వడ్డీ అంటే నెలకు నూటికి రూపాయిన్నర, ఏడాదికి 18 శాతం. ఇప్పుడా గడిలో ‘నెలకు నూటికి ఎంత?’ అని ఉంది, సంఘంలో ఎవరినీ కూర్చోబెట్టి నేర్పాల్సిన పని లేదు.

రసీదుల దగ్గర ఇంకో తమాషా జరిగింది. 58 మిల్లీమీటర్ల కాగితం వేసే చిన్న ప్రింటర్ కొనుక్కొచ్చింది. దానిలో తెలుగు అక్షరాలు లేవు. అందుకని ప్రతి లైనునూ 384 చుక్కల వెడల్పు బొమ్మగా గీసి పంపాలి. అది కుదిరాక, చోటు చాలక పేర్లను 8 దగ్గర కత్తిరిస్తే లక్ష్మమ్మ కాస్తా ‘లక్ష్మమ్’ అయింది! మన కంటికి 3 అక్షరాలే, కంప్యూటర్లు అక్షరాలను గుర్తుపట్టే యూనికోడ్ లెక్కలో మాత్రం 9. ఒత్తులున్న అక్షరాన్ని మధ్యలో విరగ్గొట్టకూడదన్న నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో గానీ చేరలేదని మాలో ఒకతను చెప్పాడు. అక్షరాలు విడగొట్టడానికి ఆమె వాడుతున్న రెడీమేడ్ కోడ్ లైబ్రరీ అంతకంటే పాతది. అది మార్చగానే లక్ష్మమ్మ నిండుగా వచ్చింది. రసీదు చేతికిస్తే ఆవిడ ముందు చూసుకునేది తన పేరే కదా, అది సరిగ్గా పడాల్సిందే.

మిగతావి గబగబా చెప్తా. ఒకతను పిల్లలకు ఎక్కాల ఆట చేస్తున్నాడు. పాలమూరు పిలగాడొకడు చదరంగం ఆడే ప్రోగ్రామ్ రాస్తున్నాడు, ఉపయోగమేంటని అడిగితే ఇష్టమన్నాడు. ఆ జవాబు చాలు. నాది నీకు తెలిసిందే, అమ్మవాళ్లు నాట్లేస్తూ పాడే పాటల రికార్డింగులు. ఊరు, పాడినవాళ్ల పేరుతో వెతుక్కునేలా సర్దుతున్నా.

ఇదంతా మన గడ్డకు కొత్తేమీ కాదు రా. చింతకింది మల్లేశం గారిని గుర్తు చేసుకో. ఆలేరు అప్పుడు మన జిల్లాలోనే ఉండేది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని కొక్కేల చుట్టూ తిప్పి సర్దాలంటే, చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక, ఆరో తరగతితో బడి మానేసిన మనిషి, 1992లో మొదలుపెట్టి ముక్కా ముక్కా జోడిస్తూ 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు. చివర్లో దారాన్ని కొక్కేల చుట్టూ తిప్పే దగ్గర పని ఆగిపోతే, హైదరాబాద్ బాలానగర్‌లో పనిచేస్తుండగా కనబడిన ఒక మెషిన్ కదలికలో దారి దొరికింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. నన్ను కదిలించేది మాత్రం ఆ మధ్య ఏళ్లే.

లైనక్స్ తయారుచేసిన లైనస్ టోర్వాల్డ్స్ కూడా 1991 ఆగస్టులో, హెల్సింకీలో చదువుకుంటూ, సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ చేస్తున్నాను, మీకు అందులో ఏమేం కావాలో చెప్పండి అనే అడిగాడు. అప్పటికి అది పూర్తి కాలేదు.

ఇప్పుడు నీ దగ్గరికి వస్తున్నా. ఊరూరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూపించే మ్యాప్ మొదలుపెట్టి, డేటా చాలదని మూలన పడేశావు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికే ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టుకుంది లోకం, ఆ నీళ్లతో అంతగా బాధలు పడ్డాం మనం. ఇంటింటికీ కృష్ణా నీళ్లు వచ్చాయి, నిజమే. కానీ బాయి కాడ పనికి పోయినవాళ్లు ఇప్పటికీ బోరు నీళ్లే తాగుతున్నారు. ఫ్లోరైడ్ హద్దు, అంటే లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, దాటిందా లేదా అనేది చూస్తే తెలియదు, తాగితే తెలియదు. పక్కపక్క బోర్లలోనే తేడా ఉంటుంది. లోతు తెలియకుండా అంకె పెడితే అర్థం లేదని నువ్వే అనేవాడివి.

ఆ లోతు మన మేస్త్రీ దగ్గర దొరుకుతుంది. ఏ ఊళ్లో ఎవరి బోరులో ఎన్ని పైపులు దించాడో ఏళ్లుగా నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాడు. ఒక్కో పైపు 20 అడుగులు. బోరు మొత్తం లోతు కాదు, మోటారు ఎంత కిందికి దిగిందో తెలుస్తుంది. మోటారు నీళ్లు లాగేది అక్కడి నుంచే కాబట్టి మనకు పనికొస్తుంది. అడిగితే ఇస్తానన్నాడు. రైతుల పేర్లు మాత్రం బయట పెట్టొద్దన్నాడు, అది సబబే. రీడింగుతోపాటు ఊరు, లోతు, టెస్ట్ చేసిన తేదీ, ఈ మూడూ చాలు.

కోడ్ ఎట్లా ఉంటే అట్లా పంపు, శుభ్రం చేస్తా అని కూర్చోకు. మర్రిగూడ వైపు ఊళ్ల రీడింగులు ఏ ఫైల్లో ఉన్నాయో ఒక్క ముక్క రాయి. ఆదివారం పైగదిలో నీ మ్యాప్ నేను నడిపి చూపిస్తా, నువ్వు వీడియో కాల్‌లో ఉండు. ఆ పూట మీటింగులు పెట్టుకోకు.

నీ
దోస్త్
నల్గొండ