ఆదివారం తరగతి: మెకానిజమ్‌లు, ఉచ్చుల నిర్మాణం

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి సభ్యులందరికీ నమస్కారం.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం 3 గంటలకు, రాయగడలో మనం ఎప్పుడూ కలిసే మేడగదిలో, మరుగుజ్జులతో కోట కట్టించే కంప్యూటర్ ఆట డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో ఉచ్చులు పన్నడం నేర్చుకుందాం. గుణుపురం వారికి తిరుగు బస్సు దొరికేలా చీకటి పడకముందే ముగిస్తాం. రాలేనివారు వీడియో కాల్‌లో చేరవచ్చు.

వచ్చేలోగా ప్రతి ఒక్కరూ మెకానిక్ వర్క్‌షాపు కట్టి, రాళ్లతో కనీసం 10 మెకానిజమ్‌లు (ఉచ్చులను, లివర్లను పనిచేయించే యంత్ర భాగాలు) చేయించి, కోటను సేవ్ చేసి ఉంచుకోవాలి. రాతి ఉచ్చుకు ఒక మెకానిజమ్, ఒక రాయి చాలు గానీ, ఒకసారి పడ్డాక మళ్లీ రాయి ఎత్తిపెట్టేదాకా అది పనికిరాదు. బోను ఉచ్చుకు మెకానిజమ్‌తో పాటు ఖాళీ బోను కావాలి. కోటపై దాడికి వచ్చే గాబ్లిన్లను ప్రాణాలతో పట్టడానికి, నా దృష్టిలో, దీన్ని మించినది లేదు. ఆయుధ ఉచ్చులో ఒకే మెకానిజమ్‌తో 10 ఆయుధాల వరకు అమర్చవచ్చు.

ఎక్కువ సమయం మాత్రం లివరుకు, ఎత్తుడు వంతెనకే కేటాయిస్తాం. లివరు కట్టడానికి పట్టిన మెకానిజమ్ కాక, రెండింటినీ కలపడానికి లివరు వైపు ఒకటి, వంతెన వైపు ఒకటి కావాలి. లివరు లాగిన వెంటనే వంతెన లేవదు కనుక, శత్రువు గుమ్మం దాకా వచ్చాక లాగుదామనుకునేవారి కోట దక్కదు. ఏ లివరు దేనిదో కాగితంపై రాసుకోండి.

వర్తకుల బండ్లు ఉచ్చుల మీదుగా నడవవు; వాటికి 3 గడుల వెడల్పున దారి వదలండి.

లాప్‌టాప్ ఛార్జర్ మరవకండి. ఎవరెవరు వస్తున్నారో శనివారం రాత్రిలోగా ఇక్కడే తెలియజేయగలరు.