పిండం ఎన్ని కణాల దాకా వచ్చిందో కూడా రాయండి

సంపాదకుడు గారికి,

అంతరించిన జంతువులు క్లోనింగ్‌తో తిరిగొస్తున్నాయని పత్రికల్లో తరచూ చదువుతుంటాను. 'వేరే జాతి అండంలో పిండం ఎదుగుతోంది' అని ఉంటుంది. ఎన్ని కణాల దాకా ఎదిగిందో మాత్రం ఉండదు. అసలు సంగతంతా ఆ అంకెలోనే ఉంది.

ఒక జాతి కణ కేంద్రకాన్ని, అంటే జన్యువులుండే భాగాన్ని, కేంద్రకం తీసేసిన మరో జాతి అండంలో పెడతారు. ఆ అండం రెండు కణాలవుతుంది, నాలుగవుతుంది. ఆ ఫొటోలు చూస్తే మొదట్లో నాకూ ఒళ్లు పులకరించేది, అబద్ధమెందుకు. కానీ ఆ తొలి విభజనల్లో కొత్త కేంద్రకం చేసేది చాలా తక్కువ. అండంలో ముందే మూటగట్టి ఉన్న ఆర్‌ఎన్‌ఏ (జన్యువుల ఆదేశాలు మోసే పదార్థం), ప్రొటీన్లే పని నడిపిస్తాయి. ఆ సరుకు నిండుకునేలోగా పిండం తన సొంత జన్యువులను ఆన్ చేసుకోవాలి. ఎలుకలో 2 కణాల దశలో, మనిషిలో 4–8, ఆవులో 8–16 కణాల దశలో ఈ మార్పు జరుగుతుంది. జాతులు బాగా దూరమైతే బండి సాధారణంగా ఇక్కడే ఆగిపోతుంది.

2009లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధన చూడండి. మనిషి కణ కేంద్రకాన్ని ఆవు, కుందేలు అండాల్లో పెట్టారు. పైకి పిండాలు చక్కగానే కనిపించాయి. లోపల మాత్రం ఆక్ట్4, సాక్స్2, నానోగ్ లాంటి కీలక జన్యువులు మేలుకోలేదు. కేంద్రకాన్ని మనిషి అండంలో పెట్టినప్పుడు మాత్రం అవే జన్యువులు మేలుకున్నాయి. అంటే ఫొటో అందంగా ఉన్నంత మాత్రాన ఏమీ తేలదు.

దగ్గరి జాతులైతే కథ వేరు. అలాగని సులువూ కాదు. 2001లో ఆవు అండం సాయంతో పుట్టిన గౌర్ (అడవిదున్న) దూడ నోవా రెండు రోజులే బతికింది. 2003లో మేక అండంతో పుట్టించిన బుకార్డో అనే స్పెయిన్ కొండమేక పిల్ల ఊపిరితిత్తుల లోపంతో నిమిషాల్లోనే పోయింది. 2020 డిసెంబరులో క్లోనింగ్‌తో పుట్టిన నల్లకాళ్ల ఫెర్రెట్ (ముంగిసలా కనిపించే చిన్న జంతువు) ఎలిజబెత్ ఆన్ బతికి బట్టకట్టింది. దాని అండం పెంపుడు ఫెర్రెట్‌ది, అంటే దగ్గరి చుట్టమే.

ఈ తేడా చెప్పకపోతే, కణాలు ఫ్రీజర్‌లో ఉంటే చాలు, అడవి పోయినా ఫర్వాలేదని జనం అనుకుంటారు. అధికారులకూ అది సుఖమైన ఆలోచనే. కాబట్టి ఈసారి ఇలాంటి వార్త వచ్చినప్పుడు మీ విలేకరి మూడు ప్రశ్నలు అడగాలి: అండం ఏ జాతిది, పిండం ఎన్ని కణాల దాకా వచ్చింది, దాని సొంత జన్యువులు పనిచేస్తున్నట్టు పరీక్షించారా? జవాబులు ఒక్క పేరాలో పడతాయి.

– ఒక పాఠకుడు