మన అపార్ట్‌మెంట్ సంఘం వార్షిక నివేదిక: కాటా, బకెట్టు, కరెంటు బిల్లు

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలి కాబట్టి రాస్తున్నాను. చదివేటప్పుడు సగం మంది టీ ఫ్లాస్కు దగ్గరే ఉంటారని తెలుసు, అందుకే గ్రూపులో ముందే పెడుతున్నాను.

పోయినేడు పర్యావరణం గురించి తీర్మానం చేసి, చప్పట్లు కొట్టి, ఇళ్లకు వెళ్లిపోయాం. ఈ ఏడాది కనీసం కొలిచాం. ఇంటింటినీ మూడే అడిగాం: కరెంటు ఎన్ని యూనిట్లు కాలింది, గ్యాస్ బండ ఎన్నాళ్లు వచ్చింది, బండికి ఎన్ని లీటర్ల పెట్రోలు కొట్టించారు. మన కరెంటు ఎక్కువగా బొగ్గుదే, యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్క. లీటరు పెట్రోలుకు 2.3 కిలోలు, 14.2 కిలోల బండ మొత్తం కాలితే 42 కిలోలు. మా ఇంటి మే నెల బిల్లు 410 యూనిట్లు, అంటే 287 కిలోలు, దాదాపు ఏడు బండలు ఒక్క నెలలో కాల్చేసినట్టు. అది చూసి మా ఆవిడ "ఇంకెప్పుడూ నా స్టవ్వు జోలికి రాకండి, మీ ఏసీ సంగతి చూసుకోండి" అంది. ఏసీ ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ వాళ్లు చెబుతూనే ఉన్నారు. 18 మీద పెట్టుకుని దుప్పటి కప్పుకునే ఇళ్లేవో నాకు తెలుసు, పేర్లు రాయను.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవలసింది ఆర్‌వో నీళ్ల ఆదివారం. ఆలోచన మూడో అంతస్తు మామ్మగారిది. ఆర్‌వో ఫిల్టరు వదిలేసే నీళ్లు సింకులోకి పోయే సన్న పైపును తీసి, మార్కరుతో లీటరు గీతలు గీసిన బకెట్టులో పెట్టారు. ఇటు బిందె నిండేలోపు అటు మూడు బిందెల నీళ్లు పోగయ్యాయి. హైదరాబాదుకు కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా మోటార్లతో తోడుకుంటూ తెస్తుంటే, మనం వాటిని వడకట్టి తూములో పోస్తున్నామన్న మాట. పిల్లలు ఆ రోజు ప్రతి ఇంటి తలుపూ తట్టారు. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ నీళ్లతోనే తడిగుడ్డ పెడుతున్నారు. మొక్కలకు మాత్రం పోయకండి, ఉప్పులెక్కువ. మామ్మగారి కరివేపాకు చివర్లు మాడిపోయాకే మాకూ తెలిసింది.

తడి చెత్త తూచడానికి కాటా ఇచ్చిన కిరాణా కొట్టాయనకు, లెక్కలన్నీ ఎక్సెల్‌లో ఎక్కించిన రెండో బ్లాకు టీచరుగారికి, వాసన భరించి చెత్త డ్రమ్ములు తిరగేసిన వాచ్‌మన్ దంపతులకు, పకోడీలు పంపిన ఐదో అంతస్తు వాళ్లకు, పేరు వద్దన్న ఇంకొకరికి సంఘం తరఫున ధన్యవాదాలు. వాలంటీర్లుగా చేయెత్తిన 14 మందిలో ప్రతివారం దిగి వచ్చింది ముగ్గురే. మిగతా వాళ్లకు ధన్యవాదాలు వాళ్లు వచ్చిన రోజే చెబుతాను.

తడి, పొడి వేరు చేయాలని 2016 నాటి చెత్త నియమాల్లోనే చెప్పారు, మనం చేశాం. కానీ గేటు బయట చెత్త ఆటోలో రెండూ ఒకే కుప్పలో పడుతుంటే ఎవరికి చెప్పుకోవాలి? మున్సిపల్ ఆఫీసుకు మూడు ఉత్తరాలు ఇచ్చాం, మూడుసార్లూ "సార్ మీటింగులో ఉన్నారు". నాలుగోది రాసి ఉంచాను, సంతకాలు కావాలి.

జమాఖర్చులు నోటీసు బోర్డు మీద ఉన్నాయి, ఆడిటరుగారు చూశారు. డ్రమ్ములకు అనుకున్నదానికంటే ఎక్కువైంది, ఆ రసీదు కూడా అక్కడే ఉంది. కోశాధికారిగారిని లిఫ్టులో ఆపి అడగకండి.

లిఫ్టుకు, మోటారుకు సోలార్ పెట్టుకుంటే సంఘాలకు పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. అడ్డమల్లా టెర్రస్ మీది బట్టల తీగలే. ఆ గొడవ సమావేశంలో తేల్చుకుందాం. వచ్చేటప్పుడు కాటా ఎవరింట్లో ఉండిపోయిందో కాస్త చూసి తెండి, కొట్టాయన రెండుసార్లు అడిగాడు.

ఇట్లు,
మీ కార్యదర్శి